ఫోన్ వాడటానికి డిగ్రీ ఎందుకన్న ప్రశ్నకు నా జవాబు

గత నెలలో మెల్‌బోర్న్ నుంచి అక్క ఫోన్ చేసింది. వాళ్ల పెద్దవాడు ఈ ఏడాది పన్నెండో తరగతి పూర్తి చేస్తున్నాడు. విశ్వవిద్యాలయానికి పెట్టే దరఖాస్తులో మొదటి ఎంపికగా కంప్యూటర్ సైన్స్ బదులు ఇంటర్నెట్ కమ్యూనికేషన్, అంటే నెట్‌లో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో, దాని ప్రభావం ఏమిటో చదివే డిగ్రీ, పెట్టుకుంటానని పట్టుబట్టాడట. వాడికి ఆ ఆలోచన పుట్టింది నన్ను చూసే కాబట్టి నేనే నచ్చజెప్పి మాన్పించాలన్నది అక్క కోరిక. మధ్యలో బావగారు ఫోన్ అందుకున్నారు. "చూడమ్మా, రోజంతా ఫోన్ పట్టుకుని కూర్చునేవాడికి, అలా కూర్చున్నందుకే డిగ్రీ ఇస్తామంటే ఏమనాలి? ఇంటర్నెట్ రానివాళ్లు ఎవరున్నారు ఇప్పుడు?" అన్నారు. ఆయన దాన్ని ఎగతాళిగా అనలేదు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో రాత్రిళ్లు టాక్సీ నడిపి, పగలు పరీక్షలు రాసి, ఐటీ ఉద్యోగంలో నిలదొక్కుకున్న మనిషి. కొడుకు చదువు గురించి భయపడే హక్కు ఆయనకు పూర్తిగా ఉంది.

ఆ పూట నేనిచ్చిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఉద్యోగాలు ఉన్నాయనీ, రోజులు మారాయనీ ఏవో చెప్పాను. అవి నిజమే కావచ్చు గానీ ఆయన అడిగింది అది కాదు. అందరికీ వచ్చిన పనిని విశ్వవిద్యాలయంలో చేరి నేర్చుకోవలసిన అవసరం ఏమిటన్నది ఆయన ప్రశ్న. ఆ డిగ్రీని ఆరేళ్లపాటు చదివినదాన్ని కాబట్టి ఆ ప్రశ్నను తప్పించుకుని తిరగడం నాకు తగదనిపించి, ఇది రాస్తున్నాను.

వంటింటి బల్ల దగ్గర ఆరేళ్లు

గుంటూరులో బీకాం చదివి, పెళ్లయ్యాక పెర్త్ వచ్చి, ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రం కార్యాలయంలో పనికి కుదిరాను. కేంద్రంలో ఉండే పెద్దవాళ్ల కుటుంబాలకు వెళ్లే ఉత్తరాలు, ఈమెయిళ్లు, నోటీసులు రాయడం నా బాధ్యత. 2016లో, విశ్వవిద్యాలయాల కోర్సులను ఆన్‌లైన్‌లో అందించే ఓపెన్ యూనివర్సిటీస్ ఆస్ట్రేలియా ద్వారా కర్టిన్ విశ్వవిద్యాలయం ఇచ్చే ఇంటర్నెట్ కమ్యూనికేషన్స్ బీఏలో చేరాను. ఆ మార్గంలో చేరేవారిని పాత మార్కులు అడిగేవారు కాదు. ఏడాదికి నాలుగు విడతల్లో, విడతకు పదమూడు వారాల చొప్పున పాఠాలు సాగేవి. డిగ్రీకి 24 యూనిట్లు, అంటే 24 సబ్జెక్టులు, పూర్తి చేయాల్సి ఉండేది. ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలతో నేను విడతకు ఒక్క యూనిట్ కంటే ఎక్కువ తీసుకోలేకపోయాను కనుక సరిగ్గా ఆరేళ్లు పట్టింది. బెంట్లీలోని క్యాంపస్ మా ఇంటికి కారులో ఇరవై నిమిషాల దూరమే అయినా, నా చదువంతా పిల్లలు పడుకున్నాక వంటింటి బల్ల దగ్గరే జరిగింది.

మొదటి విడతలో రాసిన వ్యాసాన్ని "ఇంటర్నెట్ మనుషులను దగ్గర చేసింది" అన్న వాక్యంతో మొదలుపెట్టాను. అంతకంటే నిరపాయమైన వాక్యం ఉండదని నా నమ్మకం. ట్యూటర్ దిద్ది పంపిన ప్రతిలో ఆ ఒక్క వాక్యం పక్కనే మూడు ప్రశ్నలు ఉన్నాయి. ఎవరిని? ఎవరికి? ఎవరి ఖర్చుతో? కోపం వచ్చింది. అమ్మతో వారానికోసారి వీడియోలో మాట్లాడే నాకు ఆ వాక్యాన్ని ఎవరైనా రుజువు అడగడం అన్యాయంగా తోచింది. జవాబు రాయడానికి కూర్చున్నాకే అసలు సంగతి తెలిసింది. అమ్మ ఫోన్ ఖర్చు తమ్ముడు భరిస్తున్నాడు; ఫోన్ రాని పెద్దత్తయ్యతో నేను మాట్లాడి నాలుగేళ్లయింది, ఎందుకంటే అందరూ ఫోన్‌లో దొరుకుతున్నారు కాబట్టి దొరకనివాళ్లను తలచుకోవడమే మానేశాను. దగ్గర చేసిన ఆ ఇంటర్నెట్టే ఒక మనిషిని నా లెక్కలోంచి తప్పించింది. వ్యాసం మళ్లీ రాశాను. ఆ ఆదివారమే పెద్దత్తయ్య ఇంటి పక్కవాళ్ల నంబరు సంపాదించి ఆమెతో మాట్లాడాను.

నా అభిప్రాయానికి మొదలు అక్కడే ఉంది. ఇంటర్నెట్‌లో మాట్లాడటం ఇప్పుడు పదిమంది మీద ప్రభావం చూపే పని. అది వాడకంతో రాదు, నిదానంగా చదివి, రాసి, ఇంకొకరి చేత ప్రశ్నింపబడితేనే వస్తుంది. అందుకు మూడేళ్ల డిగ్రీ ఎక్కువేమీ కాదు. అయితే ఆ చదువు ఏ యాప్‌లో ఏ బొత్తాం నొక్కాలన్నదాని చుట్టూ తిరిగితే మాత్రం బావగారి మాటే నిజమవుతుంది.

కరివేపాకు కొట్టు

2020 ఏప్రిల్ 5 రాత్రి, కోవిడ్‌ను అడ్డుకోవడానికి, మా పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రం తన సరిహద్దును మిగిలిన రాష్ట్రాలకు సైతం మూసేసింది. ఆ రోజుల్లో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో దాదాపు 230 మంది ఉండేవారు. ముగ్గురు అడ్మిన్లలో నేనొకదాన్ని. ఒక మధ్యాహ్నం ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఎవరో ఒక స్త్రీ, చాలా ఆదుర్దాగా, మనవాళ్ల ఫలానా కిరాణా కొట్టుకు వెళ్లకండి, యజమాని ఇండియా నుంచి వచ్చాడట, జ్వరంతోనే కౌంటర్‌లో కూర్చుంటున్నాడట, పిల్లలున్నవాళ్లు జాగ్రత్త అని చెప్పింది. విన్నాను. జాగ్రత్త చెప్పడంలో తప్పేముందిలే అనుకుని వదిలేశాను. అప్పటికి నేను నాలుగేళ్లుగా ఈ డిగ్రీ చదువుతున్నదాన్ని. సాయంత్రానికి అదే గొంతు నాకు ఇంకో నాలుగు గ్రూపుల్లో వినిపించింది.

నాలుగు రోజుల తర్వాత కొట్టుకు వెళ్లాను. అంతకుముందు శనివారాల్లో నిలబడటానికి చోటుండేది కాదు. ఆ రోజు ఆయన ఒక్కడే బల్ల మీద కరివేపాకు పోసుకుని, రెబ్బలు ఏరి, రబ్బరు బ్యాండ్లు వేసి కట్టలు కడుతున్నాడు. వెనక బుట్టలో ముందు రోజు కట్టిన కట్టలు నల్లబడి ఉన్నాయి. నేను లోపలికి రాగానే తలెత్తి, "మీరూ ఆ గ్రూపులో ఉన్నారాండీ?" అన్నాడు. ఉన్నానన్నాను. ఇంకేమీ అడగలేదు. కందిపప్పు, చింతపండు తూచి ఇచ్చి, అడగకుండానే ఒక కట్ట కరివేపాకు సంచిలో వేశాడు.

ఇంటికి వచ్చి ఆ మాట ఎక్కడ పుట్టిందో వెతికాను. ఒకరినుంచి ఒకరికి ఫోన్ చేసుకుంటూ పోతే ఏడుగురు తేలారు. జనవరిలో ఆయన ఒక కొనుగోలుదారుతో, "మా అన్నయ్య నెల్లూరు నుంచి వచ్చాడండీ, ఇక్కడి ఏసీకి జలుబు చేసింది" అన్నాడు. మూడో మనిషి దగ్గర జనవరి రాలిపోయింది. నాలుగో మనిషి దగ్గర అన్నయ్య యజమాని అయ్యాడు. అయిదో మనిషి దగ్గర జలుబు జ్వరమైంది. ఏడుగురిలో ఒక్కరు కూడా అబద్ధం చెప్పాలని చెప్పలేదు. అందరూ ఇతరుల మేలు కోరే చెప్పారు. అందులో ఒకరు వైద్యులు, ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు.

ఏడాది ముందు ఒక యూనిట్‌లో సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రతిపాదించిన బలహీన బంధాల సిద్ధాంతం చదివాను. కొత్త ఉద్యోగాల కబురు మనకు ప్రాణస్నేహితుల దగ్గర కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల దగ్గర దొరికే అవకాశం ఎక్కువని, ఒక గుంపులోని సమాచారం మరో గుంపులోకి దాటేది అలాంటి పలుచటి బంధాల మీదుగానేనని ఆయన వాదన. పరీక్షలో దాన్ని చక్కగానే రాశాను. మంచి కబురు నడిచే దారినే అపవాదు కూడా నడుస్తుందన్న సంగతి మాత్రం ఆ కొట్టులో నిలబడ్డాక అర్థమైంది.

తర్వాత జరిగినది నా వాదనకు ముఖ్యం. మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను. "ఈ వార్త నిజం కాదు, దయచేసి ఫార్వర్డ్ చేయవద్దు" అని ఒక ప్రకటన రాసి గ్రూపులో పెట్టాను. నలుగురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు, అది మా గ్రూపు దాటి పోలేదు. ఆలోచిస్తే కారణం తోచింది. మొదటి మెసేజ్ ఒక తల్లి గొంతు. నాది నోటీసు. గొంతును ఎవరైనా మరొకరికి వినిపిస్తారు, నోటీసును చదివి ఊరుకుంటారు. కొట్టాయన అనుమతి తీసుకుని, నేనే ఒక నిమిషం మాట్లాడి రికార్డు చేశాను. అన్నయ్య జలుబు దగ్గరనుంచి నల్లబడిన కరివేపాకు కట్టల దాకా చెప్పి, ఆ మాటను ఆపగలిగిన స్థానంలో ఉండి ఆపలేదని క్షమాపణ కూడా చెప్పుకున్నాను. మర్నాడు మధ్యాహ్నానికి మెల్‌బోర్న్ నుంచి అక్కే ఫోన్ చేసి, "నీ గొంతు మా గ్రూపులో వినపడిందే" అంది. కొట్టు వ్యాపారం మునుపటిలా కోలుకోవడానికి నెలలు పట్టింది గానీ, ఆ తర్వాతి శనివారం ముగ్గురు నలుగురు కొట్టులో కనబడ్డారు.

ఇందులో సాంకేతిక జ్ఞానం ఏమీ లేదు. వాయిస్ రికార్డు చేయడం మా అమ్మకూ వచ్చు. దిద్దుబాటు ఎందుకు ప్రయాణించదో ఆలోచించి, ప్రయాణించే రూపాన్ని దానికి ఇవ్వడం మాత్రం నేను చదువుకుని నేర్చుకున్న పని. అయితే ఆ చదువు నన్ను మొదటి మధ్యాహ్నం ఎందుకు ఆపలేకపోయిందన్న ప్రశ్న ఇప్పటికీ నన్ను వదలదు. వచ్చిన విద్య ఆ క్షణంలో చేతికి అందాలంటే దానికి ఇంకేదో తోడు కావాలి. ఏ యూనిట్‌లోనూ నాకది దొరకలేదు.

ఒక గురువారం ఉదయం, ఒక తీర్పు

2021 ఫిబ్రవరి మొదటి వారంలో పెర్త్ శివార్లలోని వూరూలూ కార్చిచ్చులో 86 ఇళ్లు కాలిపోయాయి. ఆ మంట వాసన ఇంకా ముక్కులో ఉండగానే, అదే నెల 18న గురువారం ఉదయం లేచేసరికి ఆస్ట్రేలియాలో ఫేస్‌బుక్ మీద వార్తలన్నీ మాయమయ్యాయి. తమ దగ్గర కనబడే వార్తలకు డబ్బు చెల్లించే విషయమై ఫేస్‌బుక్ వంటి కంపెనీలు వార్తాసంస్థలతో బేరానికి కూర్చోవాలని ప్రభుత్వం తెస్తున్న చట్టానికి ప్రతిగా కంపెనీ తీసుకున్న చర్య అది. వార్తలతో పాటు వాతావరణ శాఖ పేజీ, కొన్ని రాష్ట్రాల ఆరోగ్య శాఖల పేజీలు, మా రాష్ట్ర అగ్నిమాపక, అత్యవసర సేవల శాఖ పేజీ కూడా ఖాళీ అయ్యాయి. మంటలు ఎటు వస్తున్నాయో చూసుకోవడానికి ఆ పేజీ మీదే ఆధారపడ్డ జనం ఉన్న ఊళ్లివి. ప్రభుత్వ శాఖల పేజీలు త్వరగానే తిరిగి వచ్చాయి, వార్తలు ఓ వారానికి వచ్చాయి.

ఆ ఉదయం మా కార్యాలయంలో అందరూ ఫోన్ చెడిపోయిందనుకున్నారు. ఒకావిడ ఆపి మళ్లీ ఆన్ చేసి చూసింది. ప్రజాసేవ అనుకుని మనం వాడుతున్న చోటు ఒక ప్రైవేటు వ్యాపారి ప్రాంగణమని, తలుపు మూసే అధికారం అతనిదేనని రోజూ వాడేవాళ్లెవరికీ అప్పటిదాకా అనుభవంలోకి రాలేదు. మా కేంద్రం కూడా పెద్దవాళ్ల కుటుంబాలకు వార్తలు అందించడానికి ఫేస్‌బుక్ పేజీ ఒక్కటే నమ్ముకుని ఉండేది. ఆ వారంలోనే నేను ఈమెయిల్ జాబితా, ఫోన్ నంబర్ల జాబితా విడిగా తయారు చేయించాను.

అదే ఏడాది సెప్టెంబర్ 8న, ఇక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ఆస్ట్రేలియా హైకోర్టు వోలర్ కేసులో తీర్పు చెప్పింది. పత్రికలు తమ ఫేస్‌బుక్ పేజీల్లో పెట్టిన వార్తల కింద చదువరులు రాసిన వ్యాఖ్యలకు, పరువునష్టం చట్టం దృష్టిలో ఆ పత్రికలే ప్రచురణకర్తలని ఆ తీర్పు సారాంశం. మా యూనిట్‌లో దాని మీద రెండు వారాలు చర్చ నడిచింది. నాకు మాత్రం మా తెలుగు సంఘం పేజీ గుర్తొచ్చింది. ఎన్నికల వేళ ఆ పేజీలో ఒకరి మీద ఒకరు ఏమేం రాసుకుంటారో నాకు తెలుసు. కమిటీ సమావేశంలో ఈ తీర్పు సంగతి చెప్పి, వ్యాఖ్యలను ముందు చూసి ఆ తర్వాతే కనబడనిద్దామన్నాను. "మన వాళ్లే కదండీ, మన మీద కేసులెవరు వేస్తారు?" అన్నారు కార్యదర్శి. నేను పట్టు విడవలేదు. రెండు సమావేశాల తర్వాత ఒప్పుకున్నారు. ఇంటర్నెట్ అందరికీ వచ్చునన్నది నిజమే, కానీ ఆ గదిలో ఉన్న పన్నెండు మందిలో పేజీ నడపడం అంటే ప్రచురణ చేయడమని తెలిసినవారు లేరు.

బావగారి పక్షం నుంచి

ఇప్పుడు ఆయన వైపు నిలబడి చూస్తాను. ఆయన భయంలో బలముంది.

మొదటిది, పాఠాల ఆయుష్షు. మేము ఒక అసైన్‌మెంట్ కోసం కష్టపడి నేర్చుకున్న స్టోరిఫై, సోషల్ మీడియా పోస్టులను ఒక కథనంగా కూర్చే సైటు, 2018 మేలో మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. ట్విటర్ గురించి రాసిన పాఠాలు చదివి నేను పట్టా తీసుకుంటే, ఏడాదిన్నర తిరక్కముందే దాని పేరే మారిపోయింది. పనిముట్ల మీద కట్టిన యూనిట్లలో ఇప్పుడు నాకు పనికొచ్చేది దాదాపు ఏమీ లేదు. చరిత్ర, చట్టం, సమాజశాస్త్రం చెప్పిన యూనిట్లు మాత్రం ఒక్కటీ పాతబడలేదు. విశ్వవిద్యాలయాలు విద్యార్థులను ఆకర్షించడానికి ఏ ఏటికాయేడు కొత్త యాప్ పేర్లతో పాఠాలు ప్రకటించడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. అది నేర్పడానికి విశ్వవిద్యాలయం అక్కర్లేదు, ఒక వారాంతం చాలు.

రెండోది డబ్బు. 2021 నుంచి అమలైన కొత్త విధానంలో ఇక్కడి ప్రభుత్వం ఏ చదువుకు ఎంత రుసుమన్నది మార్చింది. కమ్యూనికేషన్ చదివే విద్యార్థి ఏడాదికి కట్టవలసిన గరిష్ఠ రుసుము రెట్టింపు దాటి 14,500 డాలర్లకు చేరింది. ఐటీ చదివేవారికి అది ఆ ఏడాది ఇంచుమించు 8,000కు తగ్గింది. నెట్‌వర్క్‌ను కట్టే చదువును చవక చేసి, ఆ నెట్‌వర్క్‌లో మనుషులు ఏమవుతున్నారో తెలుసుకునే చదువుకు దాదాపు రెట్టింపు ధర పెట్టారన్నమాట. ఈ ధరను నేను సమర్థించలేను. ప్రభుత్వం అప్పుగా ఇచ్చినా అది తీర్చవలసిన అప్పే. పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివే డిగ్రీ మీద విద్యార్థి వీసా రాదు కాబట్టి, మన ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు నేను చదివిన దారి అసలు లేనే లేదని కూడా ఇక్కడే చెప్పాలి.

మూడోది, ఒంటరితనం. నాతో పాటు మొదటి యూనిట్‌లో చేరినవారిలో గనుల్లో పనిచేసే ఒకతను ఉండేవాడు. రెండు వారాలు ఎడారిలో, ఒక వారం ఇంట్లో. చాలా మంచి ప్రశ్నలు అడిగేవాడు. రెండో యూనిట్ మధ్యలో మాయమయ్యాడు, ఎందుకని అడగడానికి కూడా అతని చిరునామా ఎవరి దగ్గరా లేదు. ప్రవేశానికి అడ్డులేని చోట నిష్క్రమణకూ అడ్డుండదు. మనుషులు ఎలా కలుస్తారో చదువుకునే తరగతిలోనే మేము ఒక మనిషిని పోగొట్టుకున్నాం, అది మాకు నెల తర్వాత గాని తెలియలేదు. ఈ లోపానికి నా దగ్గర జవాబు లేదు.

ఉద్యోగం మాట మాత్రం త్వరగా ముగిస్తాను. ఈ డిగ్రీ పేరు రాసి ఉన్న ప్రకటన ఒక్కటీ నేను చూడలేదు. ఉన్న ఉద్యోగంలోనే పై స్థాయికి వెళ్లాను. కంప్యూటర్ సైన్స్ చదివిన వాడికి దొరికే భరోసా ఇందులో లేదని అక్క కొడుక్కు దాచకుండా చెప్పాను.

అమ్మ ఎందుకు ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తుంది

అయినా కంప్యూటర్ సైన్స్ దీనికి బదులు కాదని ఎందుకంటున్నానో చెప్పాలి. ఒక యూనిట్‌లో భాగంగా కర్టిన్ విద్యార్థులు ఆన్‌లైన్‌లో ఒక సదస్సు జరిపేవారు. ఎవరి పత్రం వారు అందరి ముందూ పెట్టి, తోటి విద్యార్థుల ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సి ఉండేది. నేను తెలుగువారి తొలినాటి ఇంటర్నెట్ మీద రాశాను. తెలుగు లిపి తెరమీదికి రాని రోజుల్లో అమెరికాలోని మనవాళ్లు ఆర్‌టీఎస్ పద్ధతిలో, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసుకుంటూ న్యూస్‌గ్రూపుల్లో, అంటే ఆనాటి ఇంటర్నెట్ చర్చావేదికల్లో, పద్యాల మీద వాదించుకోవడం, 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా మొదలుకావడం, ఇంగ్లిషు అక్షరాలతో కొడితే తెలుగు లిపిలోకి మార్చే లేఖిని 2006లో రావడం, ఇవన్నీ గర్వంగా వివరించాను.

గనుల ఊరు కాల్గూర్లీ నుంచి చదివే ఒకావిడ ఒకే ఒక ప్రశ్న వేసింది. "కంప్యూటర్లలో లిపులకు ప్రమాణమైన యూనికోడ్‌లో మీ లిపికి 1991లోనే చోటుందని మీరే రాశారు. విండోస్ ఎక్స్‌పీతో 2001లో ఫాంటు కూడా వచ్చిందన్నారు. మరి ఈ రోజుకీ మీ అమ్మగారు మీకు ఇంగ్లిషు అక్షరాల్లో ఎందుకు రాస్తున్నారు?"

మా అమ్మ ముప్పై ఏళ్లు తెలుగు టీచరు. ఇన్‌లాండ్ లెటర్‌లో ఆమె రాసిన గుండ్రటి అక్షరాలు నా పెట్టెలో ఇంకా ఉన్నాయి. అదే అమ్మ ఫోన్‌లో నాకు 'ఎలా ఉన్నావు' అని ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తుంది. తెలుగు కీబోర్డు నేనే పెట్టి ఇచ్చాను. రెండు రోజులు వాడి మానేసింది. ఆ రాత్రి ఫోన్ చేసి అడిగితే చాలాసేపు ఆలోచించి చెప్పింది. "తెలుగులో రాస్తే తప్పు పోకూడదమ్మా. ఒత్తు సరిగ్గా పడకపోతే నాకు నిద్ర పట్టదు. ఇలా రాస్తే అది రాత కాదు, మాటే కదా. తప్పులున్నా ఫర్వాలేదు."

ఒత్తు తెరమీద ఎలా పడుతుందో కంప్యూటర్ సైన్స్ చెబుతుంది. ఆ ఒత్తు వేయడానికి ఒక తెలుగు టీచరు ఎందుకు భయపడుతుందో అది చెప్పదు, చెప్పాలని మనం అడగకూడదు కూడా. ఆ ప్రశ్న నాకు పుట్టలేదు. రోజూ ఆ సందేశాలు చదివే నాకు, వాటిని చదవడం మాత్రమే వచ్చిన నాకు, ఎక్కడో గనుల ఊళ్లో కూర్చున్న సహవిద్యార్థిని అడిగేదాకా అది ప్రశ్నలా కనిపించలేదు. ఆమెకు జవాబుగా అమ్మ మాటలే అనువదించి పెట్టాను. దాని కింద వియత్నామీ, అరబ్బీ కుటుంబాలవాళ్లు తమ అమ్మల గురించి రాశారు. మేము ఆ యూనిట్ అయ్యేదాకా దాని గురించే మాట్లాడుకున్నాం.

నిన్న అక్క కొడుకు ఫోన్ చేశాడు. "పిన్నీ, నాన్న రెండో ఎంపికగా కంప్యూటర్ సైన్స్ పెట్టమంటున్నారు, పెట్టనా?" అన్నాడు. పెట్టమన్నాను. తనకు నచ్చిన కోర్సులో సీటు వస్తే మొదటి ఏడాది ఏ యూనిట్లు తీసుకోవాలని కూడా అడిగాడు. యాప్ పేరు ఉన్నవాటిని చివరికి నెట్టి, చట్టం, చరిత్ర ఉన్నవి ముందు పెట్టుకోమన్నాను. మూడు ప్రశ్నలతో దిద్దిన ఆ మొదటి వ్యాసం కాపీ వాడికి పంపాను. బావగారిని కూడా చూడమని చెప్పమన్నాను.